గచ్చు పగలగొట్టించే ముందు ఒక్క మాట

"అక్కయ్యగారూ! మా అత్తగారి హయాంలో వేయించిన ఎర్ర సిమెంటు గచ్చు మాది. వానాకాలం వచ్చిందంటే హాల్లో కాలు పెడితే చెమ్మ తగులుతుంది. మూలల్లో తెల్లగా ఉప్పు లేస్తోంది. వంటింటి గుమ్మం దగ్గర పెచ్చులూడి పిల్లల పాదాలకి గుచ్చుకుంటోంది. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. సంక్రాంతికి అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. 'పాత గచ్చు కొట్టక్కర్లేదమ్మా, దాని మీదే టైల్స్ అంటించేసి పది రోజుల్లో ఇల్లు అప్పగిస్తాను' అంటున్నాడు మేస్త్రి. మావారు సరేనన్నారు. నాకే మనసు ఒప్పడం లేదు. ఏం చెయ్యమంటారు?"

పెదపాడు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆవిడొక్కరిదే కాదు, ఏలూరు చుట్టుపక్కల పాత ఇళ్లలో ఉంటున్న చాలామంది బాధ ఇదే. అందుకని ఈ వారం శీర్షిక అంతా గచ్చుకే కేటాయిస్తున్నాను.

సోదరీ! మీ మనసు చెప్పిన మాటే సరైనది. పెనం మీద మాడిన అట్టు ఒలిచెయ్యకుండా దాని మీదే ఇంకో అట్టు పోస్తామా? అడుగున చెమ్మా, ఉప్పూ ఉన్న గచ్చు మీద టైల్స్ వేయించడమూ అంతే. కొత్తలో నిగనిగలాడతాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి ఒకటి డొల్ల మోగుతుంది, ఒకటి లేస్తుంది, సందుల్లోంచి తెల్లపొడి పైకొస్తుంది. అప్పుడు కొత్తదీ పాతదీ రెండూ కొట్టించుకోవాలి. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. కనపడ్డ పాత గచ్చునల్లా పగలగొట్టించడమూ తెలివితక్కువే. ఏది కొట్టాలో, ఏది ఉంచాలో ముందు తెలుసుకోవాలి. అది మేస్త్రి కంటే మీరే బాగా కనిపెట్టగలరు. రోజూ ఆ నేలని ఊడ్చేదీ తుడిచేదీ మనమేగా!

రోగం నేలలో ఉంది

మన ప్రాంతం సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం. అటు కృష్ణ, ఇటు గోదావరి, ఆ రెండు డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి అందులోనే కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచెత్తినప్పుడు ఆ నీరు చివరికి వచ్చి చేరింది కొల్లేటికే. దానికి తోడు చేపల చెరువులు. చుట్టూ ఏడాది పొడుగునా నీళ్లుంటే నేల ఎప్పటికి ఆరుతుంది?

ఆ నేల కూడా నల్లటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పూర్వం ఇళ్లు కట్టేటప్పుడు చాలామంది పునాది గోడల మధ్య ఆ మట్టినే నింపేవారు. అది ఉబ్బినప్పుడల్లా గచ్చు పైకి లేస్తుంది, కుంగినప్పుడల్లా అడుగున ఖాళీ ఏర్పడుతుంది. గచ్చు బీటలు వారడానికీ డొల్ల మోగడానికీ అసలు కారణం ఇదే.

ఇక ఉప్పు సంగతి. దీపం ఒత్తి నూనెని పైకి పీల్చుకున్నట్టే బంకమట్టి అడుగునున్న నీటిని పైకి లాగుతుంది. ఆ నీటిలో కరిగిన లవణాలు కూడా పైకొస్తాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అది గచ్చు పైపొర కింద పలుకులు కట్టి, పెరుగుతూ పెరుగుతూ ఆ పొరని పెచ్చులుగా పైకి తోసేస్తుంది. అంచేత చీపురుతో ఎన్నిసార్లు ఊడ్చినా మళ్లీ వస్తుంది. దీనికి పైపైన పూసే మందు లేదు.

మూడు పరీక్షలు

మొదటిది చెవి పరీక్ష. ఇంట్లో సందడి లేని వేళ చూసి అప్పడాల కర్ర చివరతో గానీ, రూపాయి బిళ్లతో గానీ నేలంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట 'టంగు'మని బిగువుగా పలుకుతుంది. కింద ఖాళీ ఉన్నచోట పగిలిన కుండలా 'డొబడొబ'మంటుంది. డొల్ల పలికినచోటల్లా ముగ్గుతో గీసుకుంటూ పోండి. గదంతా అయ్యాక నిలబడి చూస్తే జబ్బు ఎంతమేర ఉందో కళ్లకి కడుతుంది.

రెండోది ప్లాస్టిక్ పరీక్ష. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం తీసుకుని, పొడిగా తుడిచిన నేల మీద పరిచి, నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు అంటించండి. సాయంత్రం ఆరింటికి అంటిస్తే మర్నాడు పదింటికి తీసి చూడండి. అంటే 16 గంటలు. కాగితం అడుగున నీటి బొట్లున్నా, నేల రంగు ముదిరినా చెమ్మ కింద నుంచే వస్తోందన్నమాట. బొట్లు కాగితం పైన మాత్రమే ఉంటే అది గాలిలోని తేమ. అలాంటప్పుడు కిటికీలు తెరిచి ఉంచుకుంటే చాలావరకు సరిపోతుంది. గదికి రెండు మూడు చోట్ల, అందులో ఒకటి గోడ వారగా పెట్టి చూడండి.

మూడోది నీళ్ల పరీక్ష. ఒక చెంబెడు నీళ్లు నేల మీద పోసి ఎటు పారుతున్నాయో గమనించండి. గది మధ్యకి వచ్చి నిలిచాయంటే గచ్చు కుంగిందన్నమాట. గోడ మొదట్లో నిలిచాయంటే ఆ మూల చూడాలి.

కొట్టాలా, ఉంచాలా?

పరీక్షలయ్యాయి కదా, ఇప్పుడు నిర్ణయం.

నేల గట్టిగా పలుకుతోంది, చెమ్మ లేదు, పగుళ్లు సన్నగా ఉన్నాయి. అలాంటి గచ్చుని ముట్టుకోకండి. చేయి తిరిగిన మేస్త్రి నునుపు చేసిన ఎర్ర గచ్చు ఎండాకాలంలో కాళ్లకి ఎంత చల్లగా ఉంటుందో మనకి తెలుసు. శుభ్రంగా కడిగి, ఆరాక మైనం పాలిష్ పట్టిస్తే మళ్లీ మెరుస్తుంది. టైల్సే కావాలనుకుంటే ఇలాంటి గచ్చు మీద నిక్షేపంగా వేయించుకోవచ్చు. నున్నటి నేలకి సిమెంటు పట్టదు కాబట్టి ముందు దగ్గర దగ్గరగా ఉలితో గాట్లు పెట్టించాలి. ఎత్తు లెక్క కూడా చూసుకోండి. టైలూ, దాని కింది సిమెంటూ కలిపి అంగుళం నుంచి అంగుళంన్నర పెరుగుతుంది. తలుపుల అడుగు కోయించాలి. స్నానాలగది నేల ఎప్పుడూ హాలు కంటే పల్లంగానే ఉండాలి. లేకపోతే నీళ్లన్నీ ఇంట్లోకే.

అక్కడక్కడా మాత్రమే డొల్ల ఉండి చెమ్మ లేకపోతే, ఆ ముక్క మేరకే చతురస్రంగా కోయించి తీయించి, గట్టి అంచు వచ్చేదాకా చెక్కించి, కొత్త కాంక్రీటు పోయించండి.

చెమ్మ, ఉప్పు, డొల్ల, కుంగడం అన్నీ ఉన్నాయా? అప్పుడు మొహమాటం వద్దు. గచ్చూ, దాని కింది పాత కాంక్రీటూ మొత్తం తీయించాల్సిందే. ఉత్తరం రాసిన సోదరి ఇంటిది ఈ కోవే అనిపిస్తోంది.

ఇంకో దారి కూడా ఉంది. ఊళ్లో రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి పాత ఇళ్లు పల్లమైపోతున్నాయి. పైకప్పు బాగా ఎత్తుగా ఉంటే, ఇల్లంతా ఇసకతో మెరక చేయించి కొత్త నేల వేయించుకోవచ్చు. కానీ ద్వారబంధాలు, వంటగట్టు, తూములు అన్నీ ఎత్తాలి. ఆ ఖర్చు లెక్క వేయించుకున్నాకే మాటివ్వండి.

యాసిడ్ జోలికి పోకండి

పాత గచ్చు మీద రంగు గానీ, మైనం గానీ, ప్లాస్టిక్ షీటు అంటించిన జిగురు గానీ ఉంటే కొందరు బాత్రూం యాసిడ్ పోసేస్తారు. వద్దు. సిమెంటులో ఉండేది సున్నపు అంశమే. యాసిడ్ తగలగానే బుసబుసా పొంగుతుంది చూడండి, ఆ పొంగి పోయేది మురికి కాదు, మీ గచ్చే. మొజాయిక్ నేల అయితే చిప్స్ కూడా తినేస్తుంది. పైగా గచ్చులో కొత్త ఉప్పు మిగులుస్తుంది. ఇక యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. అందులోంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

మైనాన్ని వేడినీళ్లూ సబ్బుపొడీ వేసి రుద్దితే కొద్దికొద్దిగా వదులుతుంది. జిగురుని వెడల్పాటి గోకుడు పలకతో గీయించండి. పాత ఎనామిల్ రంగులైతే ఇంకా జాగ్రత్త. వాటిలో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకి మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు వేసిన రంగుని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ ధూళి పసిపిల్లల మెదడుకి చేటు. తడిపి గీయించండి, ఆ పొట్టుని వెంటనే ఎత్తించేయండి.

పగలగొట్టే రోజు

ముందు రోజే ఏ గొట్టం ఎటు పోయిందో, కరెంటు తీగలు నేలలో ఉన్నాయేమో ఇంటాయన్ని కూర్చోబెట్టి చీటీ మీద గీయించండి. పని జరిగే గదికి కరెంటు ఆపించాలి. మిషను తీగని వేరే గది నుంచి, మంచి ప్లగ్గుతో తెచ్చుకోవాలి. గ్యాసు సిలిండరు బయట పెట్టించండి.

ఒకేసారి ఇల్లంతా తవ్వించకండి. ఒక గది, అది పూర్తయ్యాక ఇంకో గది. వంటిల్లు ఆఖర్న. పని జరిగే గది గుమ్మానికి తడిపిన పాత దుప్పటి వేలాడదీయండి. బియ్యం డబ్బాలు, ఆవకాయ జాడీలు, దేవుడి పటాలు గుడ్డలు కప్పి దూరంగా పెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లనీ, చంటిపిల్లల్నీ, పెద్దవాళ్లనీ ఆ నాలుగు రోజులూ చుట్టాలింటికి పంపించడం మేలు.

దుమ్ము గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అది మన ఇంటి మామూలు దుమ్ము కాదు. కాంక్రీటులో ఇసకా కంకరా ఉంటాయి. వాటిని పగలగొట్టినప్పుడూ కోసినప్పుడూ సిలికా అనే అతి సన్నటి పొడి లేస్తుంది. కంటికి కనపడేది నేల మీద పడుతుంది. కనపడనిదే ఊపిరితిత్తుల లోపలికి పోతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. పనిచేసే చోట పీల్చే ఈ సిలికా ధూళి క్యాన్సరుకి కూడా కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. మన ఇంట్లో ఆ పని నాలుగు రోజులే. కూలికొచ్చినవాళ్లకి అది ఏడాది పొడుగునా ఉండే పని. ఈ నెల మీ ఇల్లు, వచ్చే నెల ఇంకొకరిది. ముక్కుకి చుట్టుకున్న తుండుగుడ్డ ఆ పొడిని ఆపలేదు. కరోనా రోజుల్లో అందరం కొన్న ఎన్-95 మాస్కు కావాలి. మనిషికి రోజుకొకటి మీరే కొనివ్వండి. కళ్లద్దాలు, కాళ్లకి బూట్లు ఉన్నాయో లేదో అడగండి. మంచినీళ్లూ మజ్జిగా ఇచ్చే చేత్తో ఇదీ ఇస్తే, అంతకంటే పెద్ద మర్యాద ఉండదు.

ఇక దుమ్ముకి విరుగుడు నీళ్లు. గచ్చు మీద ముందుగా నీళ్లు చిలకరించి, కొడుతున్నంతసేపూ మధ్యమధ్య జల్లుతూ ఉండాలి. నీళ్లు మడుగు కట్టేలా మాత్రం పొయ్యొద్దు. మిషనుకీ తీగకీ తడి తగలకూడదు. సాయంత్రం పొడి చీపురుతో ఊడవనివ్వకండి. తడిపి ఎత్తించండి.

మేస్త్రికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. పాత ఇళ్ల గోడలు చాలావరకు మట్టితోనో సున్నంతోనో కట్టినవి. అంచేత గోడకి అడుగు దూరం వరకూ మిషను వద్దు, ఉలీ సుత్తీ పెట్టి చేత్తోనే తీయాలి. అలాగే తవ్వకం గోడల పునాది అడుగు దాకా ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు.

పెళ్లలు ఎక్కడికి?

ఈ లెక్క ముందే వేసుకోకపోతే పని మధ్యలో గొడవలు వస్తాయి. 10 అడుగుల బై 12 అడుగుల గది, 3 అంగుళాల మందం అనుకుందాం. 30 ఘనపుటడుగులు. కాంక్రీటు ఘనపుటడుగు సుమారు 68 కిలోలు. అంటే ఒక్క గదికే రెండు టన్నులు! పగిలాక విడివిడిగా అయ్యి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. 'ఎత్తించడం ఎవరి ఖర్చు?' అన్నది బేరంలోనే తేల్చుకోండి.

ఆ పెళ్లల్ని రోడ్డు వార మురుగుకాలవలో పడేయించడం మాత్రం మహాపాపం. కట్టడాల వ్యర్థాలు రోడ్ల మీదా కాలవల్లోనూ పోయరాదని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. అసలు నిబంధన దాకా ఎందుకు? మన కాలవ పూడితే వానాకాలంలో ఆ నీళ్లు తిరిగొచ్చేది మన ఇంట్లోకే. మన గచ్చు మళ్లీ చెమ్మెక్కేదీ అందుకే. ఉప్పు పట్టని గట్టి పెళ్లల్ని పశువులపాకలోనో, గేటు దగ్గర బండి దిగబడే గుంటలోనో వేయించుకోవచ్చు. ఉప్పు పట్టినవాటిని మళ్లీ ఇంటి నేలలోకి రానివ్వకండి.

అడుగున ఏముందో చూడండి

గచ్చు తీశాక అసలు కథ బయటపడుతుంది. ఆ రోజు మీరు దగ్గరుండాలి. అడుగున ఇసక ఉంటే అదృష్టం. నల్లమట్టి ఉంటే వీలైనంత, ఓ అడుగు లోతన్నా తీయించి, ముతక ఇసకతో పొరలు పొరలుగా నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టించాలి. ఇసక ఉబ్బదు, కుంచించుకుపోదు. ముతక ఇసక నీటిని బంకమట్టిలా పైకి లాగదు. చెదలు కనిపిస్తే మందు కొట్టించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

ఇసక సర్దుకున్నాక దాని మీద దళసరి పాలిథీన్ షీటు పరిపించండి. దుకాణంలో '1000 గేజీ', లేదా '250 మైక్రాన్లు' అని అడగాలి. అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కించి టేపు వేయాలి. గోడల దగ్గర గిన్నె అంచులా పైకి మడవాలి. చిరగకుండా చూసుకోవడం మీ వంతు. దాని మీద ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ల ఇసక, ఎనిమిది పాళ్ల కంకర కలిపిన కాంక్రీటు నాలుగంగుళాల మందాన పోయించి, గోనెపట్టాలు కప్పి కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడండి. ఆ పైన టైల్సయినా, గ్రానైటయినా, మళ్లీ ఎర్ర గచ్చయినా మీ ఇష్టం. పెద్దవాళ్లున్న ఇంట్లో అద్దంలా మెరిసే టైల్స్ వద్దు, గరుకువి తీసుకోండి. నీళ్లు వాడే చోట అడుగుకి ఎనిమిదో వంతు అంగుళం చొప్పున తూము వైపు వాలు పెట్టించండి.

గోడలోంచే చెమ్మ వస్తుంటే ఒక్క నేల మారిస్తే సరిపోదు. ఇంటి చుట్టూ వాననీరు నిలవకుండా కాలవ తీయించడం ఇందులో భాగమే.

సంక్రాంతి మాటేమిటి?

ఇదంతా పది రోజుల్లో అయ్యే పని కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. కాంక్రీటు తడి పెట్టడానికే వారం, ఆరడానికి మరి కొన్నాళ్లు. పైగా పుష్యంలో మన పల్లపు నేలలు ఇంకా చెమ్మగానే ఉంటాయి. నేలలో నీటిమట్టం బాగా దిగేది ఎండాకాలంలోనే.

అందుకని సోదరీ, నా సలహా ఇది. చీటీ డబ్బు బ్యాంకులో వేయండి. పెచ్చులూడిన చోట మేస్త్రి చేత కాస్త సిమెంటు పూయించి గుచ్చుకోకుండా చేయండి. పండక్కి ఆ గచ్చునే శుభ్రంగా కడిగి, వాకిట్లో ముగ్గులు పెట్టి, భోజనాలకి తుంగచాపలు పరవండి. చెమ్మనేల మీద తివాచీ పరవకండి, ముక్కిపోతుంది. అల్లుడుగారు చూసేది మీ గచ్చు కాదు, మీ చేతి అరిసెలు! మాఘం దాటాక పని మొదలుపెడితే వానలొచ్చేలోగా నింపాదిగా పూర్తవుతుంది.

మీవారితో వాదన వద్దు. ఈ రాత్రి ప్లాస్టిక్ కాగితం అంటించండి. పొద్దున్నే ఆయన చేతే తీయించండి. కింద మెరిసే ఆ నీటి బొట్లు చూశాక ఆయనే మేస్త్రికి కబురు పెడతారు, ఆగమని.